హార్డ్ డిస్క్ మార్చే ముందు ఏం చేయాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: తెనాలి నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండి, మీ సమస్య ఏమిటి?

శ్రోత: నమస్కారమండీ. నాకు డీటీపీ షాపు ఉంది. కంప్యూటర్ బాగా నెమ్మదించింది, కొన్ని ఫైళ్లు ఎంతసేపటికీ తెరుచుకోవడం లేదు. హార్డ్ డిస్క్ పోయేలా ఉంది, దాని బదులు వేగంగా పనిచేసే 500 జీబీ ఎస్ఎస్‌డీ డిస్క్ వేద్దామని మెకానిక్ అంటున్నాడు. పాతదానిలో ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి రావాలండీ.

నిపుణుడు: డిస్క్ లోపల టకటకమని చప్పుడు వస్తోందా?

శ్రోత: లేదు సార్.

నిపుణుడు: మంచిది. వచ్చి ఉంటే వెంటనే ఆపేసి, డేటా రికవరీ చేసేవారికి ఇవ్వమనేవాణ్ణి. మీరు ఈ రోజే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి, మీ పని ఫైళ్లు అందులోకి కాపీ చేయండి. విండోస్‌ను మళ్లీ వేసుకోవచ్చు. ఖాతాదారుల కోసం పేజీలు కూర్చిన పేజ్‌మేకర్ ఫైళ్లు మళ్లీ ఎక్కడా దొరకవు. మీరు వాడేది అను తెలుగు ఫాంట్లేనా?

శ్రోత: అవునండీ, అన్నీ అనులోనే.

నిపుణుడు: అయితే ఫాంట్ల ఫోల్డరు కూడా తీసుకోండి. అవి అన్ని కంప్యూటర్లలో చదవగలిగే యూనికోడ్ పద్ధతివి కావు. ఫాంటు లేకపోతే తెలుగు అక్షరాల స్థానంలో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

శ్రోత: మెకానిక్ ముందుగా చెక్‌డిస్క్ అని, డిస్క్‌ను పరీక్షించే విండోస్ ప్రోగ్రాం నడుపుతానన్నాడు.

నిపుణుడు: వద్దు! దయచేసి ఇప్పుడు వద్దని చెప్పండి. మరమ్మతు చేయమంటే చెక్‌డిస్క్ అదే డిస్క్ మీద మార్పులు రాస్తుంది. చెల్లాచెదురైన ఫైళ్లను సర్దే డీఫ్రాగ్ కూడా వద్దు. దెబ్బతిన్న డిస్క్‌తో ముందు చదివించుకోవాలి, రాయించకూడదు.

శ్రోత: కాపీ అయ్యాక?

నిపుణుడు: ఆ కాపీలో నుంచి నాలుగైదు ఫైళ్లు మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. ఆ తర్వాత మొత్తం డిస్క్‌ను క్లోన్ చేయవచ్చు, అంటే ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి దించవచ్చు. అందుకు క్లోనెజిల్లా అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. మీ పాత డిస్క్ ఎంత?

శ్రోత: 1 టీబీ. నిండింది మాత్రం సగం కూడా లేదు.

నిపుణుడు: అక్కడే చిక్కు. ఎంత నిండిందన్నది కాదు, మామూలుగా క్లోనెజిల్లాకు కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నది కాకూడదు. పార్టిషన్లు, అంటే డిస్క్‌లోని విభాగాలు, కుదించి చేయవచ్చు గానీ, ఈ స్థితిలో ఉన్న డిస్క్ మీద ఆ పని నేను చేయించను. 1 టీబీ ఎస్ఎస్‌డీయే కొనండి. 960 జీబీవి కూడా అమ్ముతారు, అదీ చాలదు. రెండూ 1 టీబీవే కాబట్టి ఏది పాతదో, ఏది కొత్తదో సైజు చూసి పోల్చుకోలేరు. మోడల్ నంబరు, సీరియల్ నంబరు కాగితం మీద రాసుకుని, వాటిని చూసే ఎంచుకోండి. తారుమారైతే ఖాళీ డిస్క్ పాతదాని మీద కాపీ అయి మీ పనినంతా తుడిచేస్తుంది.

శ్రోత: మధ్యలో ఆగిపోతే సార్?

నిపుణుడు: చదవలేని చోటు తగిలితే ఆగవచ్చు. అప్పుడు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం మేలు. అది బాగున్న భాగాలను ముందు తీసుకుని, మొరాయించే చోట్లకు తర్వాత వస్తుంది. ఎంతవరకు చదివిందో ఒక ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. క్లోన్ పూర్తయ్యాక కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ విప్పేసి, కొత్తదానితో మాత్రమే ఆన్ చేయండి. రెండింటికీ ఒకే గుర్తింపు ఉంటుంది కాబట్టి కలిపి ఉంచితే తికమక వస్తుంది. పాతదాన్ని ఫార్మాట్ చేయకుండా కొన్నాళ్లు దాచండి.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి మరో శ్రోత. చెప్పండమ్మా.

శ్రోత: మా అబ్బాయి ల్యాప్‌టాప్ విండోస్ 11. డిస్క్ మార్చాలి. బిట్‌లాకర్ అని ఏదో ఉందన్నారు.

నిపుణుడు: బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం. డిస్క్ విప్పకముందే దాన్ని తెరిచే రికవరీ కీ రాసుకోండమ్మా. 48 అంకెలు ఉంటాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేసి ఉంటే సాధారణంగా ఆ ఖాతాలోనే దొరుకుతుంది. కీ లేకుండా పాత డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఒక్క ఫొటో కూడా తెరుచుకోదు.

శ్రోత: విండోస్ మళ్లీ కొనాలా?

నిపుణుడు: డిస్క్ ఒక్కటే మారిస్తే సాధారణంగా అక్కర్లేదమ్మా. ఆ లైసెన్స్ ముఖ్యంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. విండోస్‌లో ముందున్న ఎడిషనే (హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో) వేసి, ఇంటర్నెట్‌కు కలపండి.