కరువు సీమలో వరద కథ

సభకు నమస్కారం.

అనంతపురంలో నిలబడి వరదల గురించి మాట్లాడతానంటే నవ్వేవాళ్లు ఉంటారు. ఏడాది మొత్తానికి మనకు పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వట్టి చేతులతో మన మీదుగా పోతాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపి ఇక్కడికొచ్చేసరికి నీరసపడతాయి. పదును వాన కోసం జూన్ నుంచి ఆకాశం చూస్తూ కూర్చునే ఊరు మనది. అయినా ఈ ఊరి గురించి జనం చెప్పుకునే పాత కథల్లో పేరున్నది కరువు కథ కాదు, వరద కథే.

అదేమిటో మీకు తెలుసు. 14వ శతాబ్దంలో, విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, ఆయన మంత్రి చిక్క ఒడయారు పండమేరు ఏటికి అడ్డంగా కట్ట వేసి చెరువు కట్టించాడు. ఆ చెరువుకు రెండు తూములు పెట్టి, ఒక్కో తూము దగ్గర ఒక్కో ఊరు వేశారు. ఒకటి బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం. ఆ రెండోదే పెరిగి పెరిగి అనంతపురమైంది. అంటే ఈ ఊరు చెరువు కోసం పుట్టింది. ఊరు ముందు, చెరువు తర్వాత అని అనుకోవడం మనకు అలవాటు గానీ ఇక్కడ లెక్క తిరగబడింది.

ఆ తర్వాత ఎప్పుడో ఒక ఏడు పెద్ద వానలు కురిసి కట్టకు గండి పడింది. ఎంత మట్టి పోసినా నిలవలేదు. ముసలమ్మను బలి ఇస్తేనే కట్ట నిలుస్తుందని గంగమ్మ పలికిందట. ముసలమ్మ అంటే ముసలావిడ కాదు, ఒక రెడ్డి గారింటి కోడలు, చంటిబిడ్డ తల్లి. ఆమె గండిలోకి నడిచి వెళ్లిందనీ, మట్టి నిలిచిందనీ కథ. కట్టమంచి రామలింగారెడ్డి దీన్ని కావ్యంగా రాశారు. బుక్కరాయసముద్రం పోతే ముసలమ్మ కట్ట అని ఇప్పటికీ చూపిస్తారు, పూజలు జరుగుతాయి.

త్యాగం అని చెప్పి మనం ఈ కథను ముగిస్తాం. నాకు మాత్రం కోపం వస్తుంది. కట్ట తెగితే మునిగేది ఊరంతా, గండిలోకి దిగింది మాత్రం ఇంటి కోడలు. కానీ చరిత్ర వెతుక్కునేవాడిగా ఇందులో నాకు ఇంకో సంగతి కనిపిస్తుంది. చెరువు నిండడమే గగనమైన చోట, కట్ట తెగిపోతుందన్న భయం నరబలి కథ పుట్టేంత గట్టిగా ఉండేది. మన పెద్దవాళ్లు పండమేరును నమ్మలేదు.

కరువుల సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతాను, అవి మీకు కొత్త కాదు. 1876లో, తెలుగు లెక్కలో ధాత నామ సంవత్సరంలో, మొదలైన ధాత కరువు నాటికి మన జిల్లా లేనే లేదు, బళ్లారి జిల్లాలో భాగం. 1882లోనే విడిగా ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువు బాగా దెబ్బతీసిన జిల్లాల్లో బళ్లారి ఒకటి. రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ కూలితో మనిషి బతకడని ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. పేరు ధాతది, చావు మాత్రం సగం వానది, సగం లెక్కలది.

మళ్లీ నీళ్ల దగ్గరికి వద్దాం. మనకు వాన తక్కువ, కానీ పడినప్పుడు నెల వాన ఒక్క రాత్రిలో పడుతుంది. సెప్టెంబరు ఉరుముల వానలు సరే, అసలు టెన్షన్ అక్టోబరు, నవంబరులది. బంగాళాఖాతంలో వాయుగుండం నెల్లూరు, చెన్నై మధ్య తీరం దాటి రాయలసీమ మీదికి వచ్చి చతికిలబడితే చాలు. మనవి పలుచని ఎర్రనేలలు, కింద రాయి. నీళ్లు ఇంకే వ్యవధి ఉండదు, వంక, అంటే వాగు, పట్టి ఉరుకుతాయి. దానికితోడు మనవి గొలుసుకట్టు చెరువులు. పైది మరవ పారితే, అంటే నిండి అలుగు మీదుగా పొర్లితే, కిందిది నిండుతుంది. ఇది బంగారం లాంటి ఏర్పాటు. కానీ పై కట్ట తెగిందా, కింది చెరువుకు దాని నీళ్లన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి.

2021 నవంబరులో చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో ఒక కారు చిక్కుకుంది. కాపాడడానికి జేసీబీ వెళ్తే అదీ చిక్కుకుంది. చివరికి వాయుసేన హెలికాప్టర్ వచ్చి పది మందిని పైకి లాగింది. చిత్రావతి అంటే మనకు ఇసుక గుర్తొస్తుంది. ఇసుక కనిపించే ఏటిని మనం బాట అనుకుంటాం.

మరుసటి ఏడాది, 2022 అక్టోబరులో, అనంతపురం నడిబొడ్డుకే నీళ్లొచ్చాయి. నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి, జనాన్ని పడవల్లో తీసుకొచ్చారు. కరువు జిల్లా కేంద్రంలో పడవలు! 2024 అక్టోబరులో మళ్లీ. ఈసారి పండమేరు. ఎగువన కనగానపల్లి వైపు కురిసిన వాన తెల్లారేసరికి ఇక్కడ ఇళ్లలో ఉంది. ఊళ్లో అంత వాన లేదు గదా, ఈ నీళ్లెక్కడివి అని చాలామంది ఆశ్చర్యపోయారు. ఆకాశం చూసి వరదను అంచనా వేస్తే ఇలాగే ఉంటుంది. పండమేరు సంగతి తెలియాలంటే ఎగువ చెరువుల మరవలు చూడాలి.

వంక పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్లను తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. దానికి నేను ఒప్పుకోను. ఇరవై ఏళ్లు ఎండిన వంకను చూపించి, రాళ్లు పాతి, ప్లాట్లు వేసి అమ్మినప్పుడు కొన్నవాడికి అది వంక అని తెలిసే దారేది? రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు మీటరు వచ్చింది, ఇంటి పన్ను కట్టించుకున్నారు. నీళ్లు వచ్చిన తెల్లారి మాత్రం ఆక్రమణ అన్నారు.

ఇంకొకటి కూడా గమనించాలి. హంద్రీ-నీవా కాలువ వచ్చాక చెరువులకు కృష్ణా నీళ్లు అందుతున్నాయి. సంతోషమే. కానీ కాలువతో ముందే నిండిన చెరువు మీద వాయుగుండం వాన పడితే ఆ నీళ్లకు చోటెక్కడ? ఎండిన చెరువు సగం వరదను మింగేది. నిండిన చెరువు చుక్కతో సహా కిందికి వదులుతుంది. అందుకే నింపేముందు మరవ కాలువలు కంపచెట్లు కొట్టి శుభ్రం చేశారా లేదా అని అడగడం మన హక్కు. రెవెన్యూ వాళ్ల దగ్గర ఉండే గ్రామ పటాల్లో వంకలు గీసి ఉంటాయి. ప్లాటు కొనేముందు బ్రోచర్ కాకుండా ఆ పటం చూడండి. మీ వార్డులో నడిమివంక ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో గీసి ఒక కాపీ వార్డు సచివాలయం గోడకు పెట్టమని ఈ సభ తరఫున అర్జీ రాశాం. బయట బల్ల మీద ఉంది, వెళ్లేటప్పుడు సంతకాలు పెట్టండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.