ఫైబర్ పట్టీని దూలానికి ఎటువైపు అంటించాలి?

నమస్కారం. ఇవి రెండు చిన్న దూలాలు. ఒకే పలక నుంచి కోసిన బద్దల్ని మూడేసి చొప్పున అంటించి చేశాను. గ్లూలామ్ అంటారే, అదే పద్ధతి. ముందు ఒకదాన్ని విరగ్గొడదాం. రెండు చివర్లా ఆనించి, నడుమ బరువు పెంచుతున్నా... ఫెళ్లుమంది, విన్నారా? అప్పటిదాకా చిన్న చప్పుడు కూడా లేదు.

విరగడం ఎక్కడ మొదలైందో దగ్గరగా చూపిస్తాను. కింది బద్దలో, ఇదిగో ఈ ముడి పక్కన. దూలం వంగితే పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. ముడి చుట్టూ చెక్క పీచు తిన్నగా ఉండదు, పక్కకు తిరిగి పోతుంది. సాగదీస్తే ముందు చీలేది అక్కడే. కాబట్టి ఫైబర్ గుడ్డ పట్టీని కిందే వేయాలి. పైన వేసుకుని మురిసిపోయేవాళ్లూ ఉంటారు. గుడ్డ దండగ!

రెండోదానికి గ్లాస్ ఫైబర్ వేద్దాం. పోగులన్నీ ఒకే దిక్కున ఉన్న రకం తీసుకోండి. మామూలు అల్లికలో సగం పోగులు అడ్డంగా పడి ఊరికే ఉంటాయి. చెక్కలో తేమ 12 శాతం దాటకూడదు. 80 నంబర్ సాండ్‌పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచేయండి. గ్లవ్స్ వేసుకోండి. ఎపాక్సీ జిగురుని డబ్బా మీద రాసిన పాళ్లలోనే తూచి కలపండి, కంటి అంచనా వద్దు.

ముందు చెక్కకే పలచగా పూయండి. లేదంటే అది జిగురంతా తాగేసి గుడ్డకు మిగల్చదు. ఇప్పుడు గుడ్డ పరిచి, మధ్య నుంచి చివర్లకు రోలర్ నడపాలి. తెల్లగా ఉన్నది తడిసేకొద్దీ అద్దంలా మారి, కింద చెక్క చారలు కనిపిస్తున్నాయి. ఈ తెల్ల మచ్చ చూశారా? లోపల గాలి ఉండిపోయింది. ఇంకోసారి రుద్దాల్సిందే, వదిలేస్తే పట్టీ ఇక్కడే లేచిపోతుంది.

ఇది ఆరేలోగా ఒక మాట. సాగకుండా ఎదురు నిలిచే బిగువును మాడ్యులస్ అంటారు. గ్లాస్‌ది సుమారు 70 గిగాపాస్కల్స్, చెక్కది 10 నుంచి 12. కానీ పట్టీ పలచన, అందుకని దూలం వంగడం పెద్దగా తగ్గదు. పెరిగేది బలమే. వంపు కూడా తగ్గాలంటే 230 దాకా ఉండే కార్బన్ ఫైబర్ వైపు వెళ్లాలి, ఖర్చుకు సిద్ధపడి. మంటల వేడికి జిగురు మెత్తబడుతుంది కాబట్టి కొన్ని పెద్ద దూలాల్లో పట్టీ కింద ఇంకో బద్ద కప్పుతారు.

వారం గడిచింది. పట్టీ కిందికి వచ్చేలా తిప్పి పెట్టాను. మొదటిది విరిగిన బరువు దాటేశాం... టిక్కు టిక్కుమంటోంది. పైన చూడండి, సన్నటి ముడత! కింద పట్టీ చెక్కుచెదరలేదు, పై చెక్కే నలుగుతోంది. ముడత పెరుగుతోంది... బరువు దించేస్తున్నా.