రొట్టెల పండుగ, తెలుగు క్రియ: నెల్లూరు స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: సింక్రెటిజం అనే మాట మతాల చర్చలోనూ వినిపిస్తుంది, వ్యాకరణంలోనూ వినిపిస్తుంది. రెంటికీ అర్థం ఒకటేనా మేడం?

భాషాశాస్త్ర అధ్యాపకురాలు: వ్యాకరణంలో రెండు మూడు పనులకు ఒకే రూపం ఉంటే ఆ మాట వాడతామండి. ‘అక్క వచ్చింది, ఆవు వచ్చింది’. క్రియ ఒకటే. బహువచనం చేయండి: ‘అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి’. విడిపోయాయి. పైగా అక్కలిప్పుడు అన్నలతో చేరారు. మహతీవాచకం, అంటే స్త్రీలను చెప్పే మాట, ఏకవచనంలో అమహత్తుతో (జంతువులు, వస్తువులను చెప్పే మాటతో), బహువచనంలో మహత్తుతో (పురుషులను చెప్పే మాటతో) కలుస్తుందన్నమాట. ‘తో’ సంగతీ అంతే. ‘చాకుతో కోశాడు, తమ్ముడితో వెళ్లాడు’. పక్కన ‘కలిసి’ పెట్టి చూడండి. ‘తమ్ముడితో కలిసి’ నప్పుతుంది, ‘చాకుతో కలిసి’ నప్పదు.

వ్యాఖ్యాత: మరి జిల్లా, బస్సు లాంటి వేరే భాషల మాటలు తెలుగులో కలవడం కూడా సింక్రెటిజమేనా?

అధ్యాపకురాలు: కాదండి, అవి అరువు మాటలు. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

జానపద పరిశోధకుడు: మతం విషయంలో వేర్వేరు సంప్రదాయాలు ఒకే ఆచారంలో అల్లుకుంటేనే సింక్రెటిజం అంటాం. మన నెల్లూరు బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగనే తీసుకోండి. పన్నెండుమంది అమరుల సమాధులు, మొహర్రం నెల, పక్కనే స్వర్ణాల చెరువు. కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు. అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుని తింటారు. అది నెరవేరాక వాళ్లు కూడా రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. మొక్కు తీర్చుకోవడం మన ఊళ్లన్నిటికీ తెలిసిన పద్ధతేగా! దాని కోసం మతం మారమని ఎవరూ అడగరు.

అధ్యాపకురాలు: చూడ్డానికి రొట్టెలన్నీ ఒకేలా ఉంటాయి కదండీ?

పరిశోధకుడు: అవును మేడం. విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, వేటికీ పిండిలో తేడా ఉండదు. అందుకే పేరు పెట్టి అడుగుతారు.

అధ్యాపకురాలు: మా ‘వచ్చింది’ లాగే! రూపం చెప్పని తేడాని పక్కమాట చెబుతోంది.

పరిశోధకుడు: బాగా చెప్పారు. అయితే ‘అన్నీ కలగలిసిపోయాయి’ అని రాసేస్తుంటారు చూడండి, అది సరికాదు. తేదీ హిజ్రీ లెక్కదే, అంటే ముస్లింల చాంద్రమాన క్యాలెండర్‌ది. అందులో అధికమాసం లేదు కాబట్టి పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకొస్తుంది. ఏ దర్గా ఉత్సవాన్ని పరిశీలించినా మూడు సంగతులు విడివిడిగా రాసుకోవాలి. తేదీ ఏ లెక్క ప్రకారం, ప్రార్థన చేయించేది ఎవరు, మొక్కు తీర్చే తీరు ఎక్కడిది. మూడూ ఒకే సంప్రదాయానివైతే, అది ఇతర మతాలవాళ్లు కూడా వచ్చే పండుగ, అంతే. దాన్ని సింక్రెటిజం అనలేం.