గేటు దగ్గర ఎవరో టీవీలోనే చూడొచ్చా?

నమస్కారం. మా ఇంట్లో బెల్ మోగితే అమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, హాలు దాటి వెళ్లి, గోడకున్న వీడియో డోర్ ఫోన్ యూనిట్ చిన్న స్క్రీన్‌లో చూడాలి. ఆమె వెళ్లేసరికి కొరియర్ అబ్బాయి ఉండడు. ఆమె రోజంతా కూర్చునేది టీవీ ఎదురుగానే కదా, గేటు బొమ్మ కూడా అందులోనే వస్తే బాగుంటుందని మొదలుపెట్టాను.

(గోడ మీది యూనిట్ వెనక వైర్లు దగ్గరగా చూపించాలి)

ఏదైనా కొనేముందు కరెంటు ఆపి, యూనిట్ విప్పి, వైర్లు లెక్కపెట్టండి. నాలుగుంటే సాధారణంగా వీడియో, ఆడియో, 12 వోల్టుల పవర్, గ్రౌండ్. రంగుల్ని నమ్మొద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. మాన్యువల్ చూడండి. రెండే వైర్లుంటే పవరూ, బొమ్మా, మాటా వాటి మీదే కలిసి వస్తాయి. అలాంటిది నేరుగా టీవీకి కుదరదు.

నాలుగు వైర్ల అనలాగ్ మోడల్ అయితే పని తేలిక. వీడియో వైరు ఆర్‌సీఏ పిన్ (టీవీ వెనక గుండ్రటి జాక్‌లో గుచ్చేది) మధ్యకు, గ్రౌండ్ బయటి రింగుకు. ఆ పిన్ టీవీ వెనక వీడియో తీసుకునే పసుపు ఏవీ జాక్‌లోకి. పసుపు జాక్ లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ పెట్టాలి. పిన్ గుచ్చేముందు వోల్టులు కొలిచే మల్టీమీటర్‌తో ఒకసారి చూడండి. 12 వోల్టులు పొరపాటున ఆ జాక్‌లోకి వెళ్తే టీవీ పాడవుతుంది. తలుపు లాక్ వైర్ల జోలికి అసలు వెళ్లొద్దు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. గోడ యూనిట్‌కి వెళ్లే వీడియో వైరుకే జాయింట్ కొట్టి టీవీకి లాగాను. రెండింటిలోనూ బొమ్మ మసకబారింది. సాయంత్రం వేళ మనిషిని పోల్చుకోవడమే కష్టమైంది. కారణం ఇదీ: ఆ సిగ్నల్ 1 వోల్టు ఉంటుంది, 75 ఓమ్‌ల ఒక్క లోడుకే, అంటే ఒక్క స్క్రీన్‌కే సరిపోతుంది. ఇంకో లోడు తగిలిస్తే మూడింట రెండు వంతులకు పడిపోతుంది. మధ్యలో సిగ్నల్‌ని బలం తగ్గకుండా రెండు చోట్లకు పంచే వీడియో డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫైయర్ పెట్టాక రెండు చోట్లా బొమ్మ మామూలైంది.

మీది ఏహెచ్‌డీ (అనలాగ్ వైరు మీదే హెచ్‌డీ బొమ్మ పంపే) కెమెరా అయితే మామూలు ఏవీ జాక్ ఆ సిగ్నల్‌ని చదవలేదు. కెమెరాలో సీవీబీఎస్ మోడ్ (మామూలు ఏవీ సిగ్నల్ పంపేది) ఉందేమో చూడండి, లేదంటే ఏహెచ్‌డీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ కావాలి. నెట్‌వర్క్‌తో పనిచేసేదైతే, ఆర్‌టీఎస్‌పీ అడ్రస్ (కెమెరా వీడియోను నెట్‌వర్క్‌లో తెరిచే లింకు) ఇచ్చే మోడల్ ఐతే, ఆండ్రాయిడ్ టీవీలో వీఎల్‌సీ అనే వీడియో యాప్ చాలు.

(టీవీలో ఏవీ సోర్స్, నల్లటి తెర)

తెర నల్లగా ఉందని టెన్షన్ పడొద్దు. చాలా మోడళ్లలో బెల్ నొక్కినప్పుడో, లోపలి యూనిట్ మీద బటన్ నొక్కినప్పుడో మాత్రమే కెమెరాకు పవర్ వెళ్తుంది. టీవీ కూడా దానంతటదే సీరియల్ ఆపి గేటు చూపించదు. రిమోట్‌తో సోర్స్ మార్చాలి. అమ్మకు ఆ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించి ఇచ్చాను.

మాట్లాడటం, తలుపు తీయడం మాత్రం లోపలి యూనిట్‌తోనే. అందుకే మా మోడల్‌కు సరిపోయే ఇంకో హ్యాండ్‌సెట్ తెచ్చి అమ్మ కుర్చీ పక్కన గోడకు బిగించాను.