ఎదిగే కాలం దాటిపోకముందే

(ఉన్నత పాఠశాల తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఎముకల డాక్టరు ప్రసంగం)

హెడ్మాస్టరు గారికి, ఉపాధ్యాయులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం. నన్ను పౌష్టికాహారం మీద మాట్లాడమన్నారు. దానికంటే ముందు ఒక సంగతి చెప్పనివ్వండి.

మొన్న ఒక కౌలురైతు ఇరవై రెండేళ్ల కొడుకును నా దగ్గరికి తీసుకొచ్చాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్లు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. పరుగులో చురుకైన కుర్రాడు, ఒక్క సెంటీమీటరు తక్కువై వెనక్కొచ్చాడు. ఫోన్లో ప్రకటన చూసి, అప్పుచేసి, ఎత్తు పెంచే పొడి తెప్పించుకుని తాగుతున్నాడు. మోకాలి ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాను. ఎదిగే పిల్లలకైతే ఎముక కొస దగ్గర నల్లటి గీత కనబడుతుంది. ఇతనికి లేదు.

ఆ గీత మృదులాస్థి పొర, అంటే ఎముకగా మారబోయే మెత్తటి పొర. అందులో కణాలు కుండల దొంతరలా వరుసగా నిలబడతాయి. ఒక కొసన కొత్తవి పుడుతుంటాయి, రెండో కొసన పాతవి ఉబ్బి, కాల్షియం పట్టి, ఆ చోట ఎముక ఏర్పడుతుంది. తొడ ఎముక పొడుగులో దాదాపు 70 శాతం మోకాలి దగ్గర పెరిగేదే. ఆడపిల్లలు 11, 12 ఏళ్లకు, మగపిల్లలు 13, 14 ఏళ్లకు చూస్తుండగానే సాగుతారు. ఆ పొరను చివరికి మూసేది ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను. అవునమ్మా, మగపిల్లల్లో కూడా అదే! 1994లో అమెరికా వైద్యులు 28 ఏళ్ల మనిషి గురించి రాశారు. ఈస్ట్రోజెన్ అతని ఒంటికి పట్టదు. 204 సెంటీమీటర్లున్నా ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఎముకల వయసు, అంటే ఎముకలు ఎంతవరకు ఎదిగాయన్న లెక్క, 15 ఏళ్ల దగ్గరే ఆగింది.

పొర మూసుకున్నాక ఏ పొడీ దాన్ని తెరవలేదు. ఆ తండ్రికి ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. పొడి అమ్మినవాడు మాత్రం ఎక్స్‌రే కూడా అడగలేదు. ఇది మోసం కాదా? మీరే చెప్పండి!

తల్లులూ, మీకింకో మాట. పిల్ల పెద్దమనిషి అయ్యాక సాగుతుందిలే అని ఊరుకోకండి. అప్పటికే పెద్ద ఉరుకు అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత చాలామంది పెరిగేది 5 నుంచి 7 సెంటీమీటర్లే. ఆడపిల్లకు ఎనిమిదేళ్లలోపే, మగపిల్లాడికి తొమ్మిదేళ్లలోపే యవ్వన లక్షణాలు మొదలైతే మురిసిపోవద్దు. ముందు తోటివాళ్లను మించిపోతారు, పొర తొందరగా మూసుకుని వాళ్లకంటే ముందే ఆగిపోతారు. వెంటనే డాక్టరుకు చూపించండి. ఎడమచేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు తెలుస్తుంది, ఆ తొందరపాటు యవ్వనాన్ని మందుతో ఆపగలిగే కాలం అదే.

ఆహారం సంగతి కరపత్రంలో రాశాను, చదవండి. ఆరునెలలకోసారి పిల్లల ఎత్తు కొలిచి రిజిస్టరులో రాయమని వ్యాయామం మాస్టారిని అడిగాను, ఒప్పుకున్నారు. టేపు తెచ్చాను. భోజనాల తర్వాత ఎనిమిదో తరగతితో మొదలుపెడదాం.