రెండు మిల్లీగ్రాముల బంగారం

అధ్యక్షులవారికీ, వేదిక మీదున్న పెద్దలకూ, ప్రిన్సిపాల్ గారికీ... ఈ వరస మొదలుపెడితే భోజనాల వేళవుతుంది. అందరికీ కలిపి ఒకటే నమస్కారం. సైన్స్ దినోత్సవం కాబట్టి రామన్ గురించి చెప్పమన్నారు. ఆయన గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను నా బంగారం సంగతి చెప్పుకుంటాను.

మన కణం చుట్టూ ఉండేది కొవ్వు పొర. 1925లో గోర్టర్, గ్రెండెల్ అని ఇద్దరు ఎర్ర రక్తకణాల్లోంచి కొవ్వు తీసి నీళ్ళ మీద పరిచి కొలిస్తే, కణాల ఉపరితలానికి రెండింతలు వచ్చింది. అంటే పొర రెండు వరసలన్నమాట. మందం ఐదు నానోమీటర్ల లోపే. సోడియం, పొటాషియం రాకపోకలు చూసే ప్రొటీన్లు అందులోనే గుచ్చుకుని ఉంటాయి, బయటికి లాగితే చాలావరకు పనిచేయవు. అందుకని వాటిని పరీక్షించాలంటే ల్యాబులో మేమే ఒక పొర కట్టాలి.

దేనిమీద? బంగారం మీద. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడుతుంది చూశారా, అది గంధకం పని. బంగారం అలా నల్లబడదు గానీ గంధకాన్ని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. కొవ్వు అణువు కాలికి గంధకం తగిలించి, మధ్యలో నీళ్ళను ఇష్టపడే చిన్న దారం పెడతాం. జొన్నచేలో మంచె వేసినట్టు పొర కాస్త ఎత్తున నిలబడుతుంది, కింద నీళ్ళకు చోటుంటుంది, ప్రొటీను లోహానికి రాసుకుని పాడవదు. బంగారం ఎలాగూ ఎలక్ట్రోడే కాబట్టి కరెంటు పెట్టి పొర ఎంత అడ్డుకుంటోందో చూస్తాం. చదరపు సెంటీమీటరుకు మెగా ఓమ్‌ల లెక్కలో, అంటే పది లక్షల ఓమ్‌ల లెక్కలో, అడ్డుకుంటే పొర బాగా కుదిరినట్టు. అప్పుడు ప్రొటీను వేస్తే, అది రంధ్రం చేయగానే ఆ అంకె పడిపోతుంది. ఆ పడిపోవడం చూడ్డానికే నెలలు పడతాయి.

ఇక్కడే ఆడిట్ వాళ్ళొచ్చారు. ఏ ఊళ్ళో అని అడక్కండి. రిజిస్టర్‌లో ‘బంగారపు స్లైడ్లు, 40’ అని ఉంది, అంటే బంగారం పూత వేసిన గాజు పలకలు. బంగారం అంటే బీరువాలో పెట్టి తాళం వేయాలట, తాళంచెవి స్టోర్స్‌లో ఉండాలట! అయ్యా, పూత మందం 50 నానోమీటర్లు, ఒక్కో స్లైడు మీద రెండు మిల్లీగ్రాములు కూడా ఉండదు, నలభై కరిగించినా ముక్కుపుడకకు చాలదు అన్నాను. “రూలు రూలే” అన్నారు.

రూలు రూలేనండీ, కానీ బంగారం గాలి తగిలితే ఊరుకోదు. తుప్పు పట్టదు, మెరుస్తూనే ఉంటుంది, కంటికి తేడా తెలియదు. గాలిలోని జిడ్డు మాత్రం పట్టేస్తుంది, అప్పుడు గంధకానికి చోటెక్కడిది? పూత వేసిన రోజే వాడాల్సిన స్లైడు మూడు వారాల తర్వాత సంతకాల మీద చేతికొచ్చింది. పొర వేస్తే కిలో ఓమ్‌లు, వేలల్లోనే! ప్రొటీను వేయకముందే చిల్లులు. కడగొచ్చు కదా అంటారేమో, కడిగాం, పూత లేచిపోయి గాజు మిగిలింది. ఒకమ్మాయి పీహెచ్‌డీ ఏడాది వెనక్కి పోయింది. ఇక్కడ స్టోర్స్ వాళ్ళెవరైనా ఉన్నారా? చేతులెత్తండి, తిట్టను.

సరే, టైమైందని చీటీ వచ్చింది. జేబులో ఆ నలభైలో ఒకటి మిగిలింది, వెనక బెంచీ దాకా పంపండి. అంచులు పట్టుకోండి బాబూ, పసుపుపచ్చ వైపు వేలు పెట్టకండి... అదిగో, పెట్టేశాడు.