సుల్తాన్ బజార్ నుంచి ఫతే మైదాన్ దాకా: పుస్తకం, ఫుట్‌పాత్, ఫుట్‌బాల్

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: గ్రంథాలయోద్యమం మీద పనిచేసిన రిటైర్డ్ తెలుగు అధ్యాపకుడు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు అమ్మే వ్యాపారి, హైదరాబాద్ లీగ్‌లో ఆడిన మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు.)

నిర్వాహకురాలు: నమస్కారం. హైదరాబాద్‌లో కోఠి బస్టాప్‌లో దిగి, ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు (జీపీవో) మీదుగా ఫతే మైదాన్, అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం దాకా నడిస్తే అరగంట పడుతుంది. ఆ దారి చుట్టుపక్కలే 1901లో పుట్టిన తెలుగు గ్రంథాలయం ఉంది, ఆదివారం పొద్దున పరుచుకునే పాత పుస్తకాల బజారు ఉంది, టెస్టు క్రికెట్‌లో మన దేశం తరఫున మొదటి డబుల్ సెంచరీ నమోదైన మైదానం ఉంది. ఇవన్నీ ఒకే చోటికి ఎలా చేరాయన్నదే ఇవాళ్టి చర్చ. సార్, మీతో మొదలుపెడదాం.

అధ్యాపకుడు: దీనికి కారణం రెసిడెన్సీ అమ్మా. కోఠిలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న భవనం ఒకప్పుడు రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి రెసిడెంటు బంగళా. దాని చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ వాళ్ల పెత్తనం కిందే ఉన్నాయి. వాటిని నిజాంకు తిరిగి అప్పగించాకే సుల్తాన్ బజార్ అనే పేరు వచ్చింది. అంతవరకు నిజాం పోలీసుల చెయ్యి ఇక్కడ నేరుగా పడేది కాదు. నగరంలో మరోచోట సభ పెట్టాలంటే అనుమతి కావాలి, పత్రిక పెట్టాలంటే అనుమతి కావాలి. ఇక్కడ కాస్త ఊపిరి ఆడేది. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారింట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైందంటే ఆ వెసులుబాటు వల్లే. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వెంట నిలబడ్డారు. ఐదేళ్లకు, 1906లో, తెలుగు పుస్తకాలు అచ్చువేసిన విజ్ఞాన చంద్రికా మండలి కూడా ఇదే ఊళ్లో పుట్టింది. తర్వాత మద్రాసుకు తరలిపోయింది.

నిర్వాహకురాలు: అంటే బ్రిటిష్ వాళ్ల నీడలో తెలుగు పెరిగిందంటారా?

అధ్యాపకుడు: అలా అంటే తప్పవుతుంది. అదే రెసిడెన్సీ మీద 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేశారు. కోఠి బస్టాప్ దగ్గర స్మారకం ఉంది, దాన్ని ఆనుకునే రోజూ వేలమంది బస్సు కోసం నిలబడతారు. ఆ వెసులుబాటు తెల్లవాళ్లు ఇవ్వాలని ఇచ్చింది కాదు. రెండు అధికారాల మధ్య ఖాళీ దొరికితే మనవాళ్లు దూరారు. ఇంకో సంగతి చెప్పాలి. 1921 నవంబర్‌లో వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది, అధ్యక్షుడు స్త్రీ విద్య కోసం పనిచేసిన మహర్షి కర్వే. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం తట్టుకోలేక కొద్దిమంది కూడి ఆంధ్ర జనసంఘం పెట్టారు. ఆంధ్ర మహాసభ, ఆ తర్వాత వచ్చిన ప్రజా ఉద్యమాలు, అన్నిటికీ విత్తనం అక్కడే పడింది. ఎంతమందికి తెలుసు? ఆ పక్కనుంచే ఆటోలో వెళ్తుంటాం.

వ్యాపారి: నాకే తెల్వదు సార్. ఆ సందులోనే మా గోడౌన్ ఉండేది.

నిర్వాహకురాలు: అన్నా, మీ ఆదివారం ఎట్లా మొదలవుతుందో చెప్పండి.

వ్యాపారి: తెల్లారకముందే లేస్తాం మేడమ్. ఆదివారమే ఎందుకంటే ఆ రోజు ఆబిడ్స్‌లో షాపులు బంద్. షట్టర్ల ముందు జాగా ఖాళీగా దొరుకుతది. ముందు టార్పాలిన్ పరుస్తం, దాని మీద బెడ్‌షీట్. ఇంగ్లిష్ నవలలు ఒక కుప్ప, ఏది తీసినా ఒకటే రేటు. పోటీ పరీక్షల పుస్తకాలు వేరే. తెలుగు పుస్తకాలను మాత్రం కుప్పలో వెయ్యను. నడుం వంచి కూర్చుని చూసేవాళ్లు ఉంటరు, వాళ్ల కోసం పుస్తకం వెన్ను పైకి కనపడేలా వరసగా పెడ్త. మబ్బు పట్టిందంటే అందరికీ టెన్షన్. ప్లాస్టిక్ కవరు చేతిల పట్టుకునే బేరం చేస్తం.

నిర్వాహకురాలు: పుస్తకాలు ఎక్కడి నుంచి వస్తాయి?

వ్యాపారి: ఒకప్పుడు కబాడీ దుకాణాల నుంచి. ఇప్పుడు ఎక్కువగా ఇళ్ల నుంచే. అమెరికాల ఉన్న కొడుకు ఫోన్ చేస్తడు, "అన్నా, నాన్నగారు పోయారు, ఫ్లాట్ అమ్మేస్తున్నాం, అలమారా ఖాళీ చెయ్యాలి" అని. పోయి చూస్తే ఆ పెద్దాయన ప్రతి పుస్తకానికి బ్రౌన్ పేపర్ అట్ట వేసి, మొదటి పేజీల పేరు, కొన్న తేదీ, కొన్న ఊరు రాసిపెట్టుకుని ఉంటడు. కొన్నిట్ల "ఆబిడ్స్, ఆదివారం" అని రాసి ఉంటది. అంటే ఆ పుస్తకం మా ఫుట్‌పాత్ మీద కొన్నదే, మళ్ల మా ఫుట్‌పాత్ మీదికే వస్తది. లైబ్రరీ ముద్ర ఉన్నవి దొరికితే మాత్రం నేను అమ్మను. తీసుకుపోయి ఇచ్చేస్త.

అధ్యాపకుడు: 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులను అచ్చులో చూపించారు. తిలక్ రోడ్డు దగ్గరి రెడ్డి హాస్టల్‌కు కార్యదర్శిగా ఉన్న మనిషి ఆయన. 1926లో గోలకొండ పత్రిక పెట్టిందీ ఆయనే. 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు ఇవాళ్టికీ ఆ రోడ్డు మీదే ఉంది. అచ్చువేసినవాళ్లు, చదివినవాళ్లు, చదివింది అమ్మేవాళ్లు అందరూ ఒకరికొకరు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నారు. ఇది తెలుగువాళ్ల సొత్తు మాత్రమే అనుకోకండి. ఇసామియా బజార్‌లో మరాఠీ గ్రంథ సంగ్రహాలయం ఉంది. ఆబిడ్స్ ఓరియెంట్ హోటల్‌లో మఖ్దూం మొహియుద్దీన్ చుట్టూ ఉర్దూ కవులు, పత్రికలవాళ్లు, కార్మిక నాయకులు చేరేవారు. ఒక కప్పు చాయ్ పెట్టుకుని గంటలకొద్దీ కూర్చున్నా లెమ్మనేవాళ్లు కాదు. ఆ హోటల్ ఇప్పుడు లేదు.

మాజీ ఆటగాడు: ఓరియెంట్‌లో కవిత్వమే కాదు సార్, ఫుట్‌బాల్ కూడా నడిచేది. మా ఉస్తాద్‌లు చెప్పేవాళ్లు.

నిర్వాహకురాలు: సాబ్, అక్కడికే వస్తున్నాను. ఫతే మైదాన్ అంటే అందరికీ క్రికెట్టే గుర్తొస్తుంది.

మాజీ ఆటగాడు: రాకుండా ఎట్లా ఉంటది? 1955 నవంబర్‌లో న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 కొట్టింది అక్కడ. 1999లో సచిన్, ద్రావిడ్ కలిసి 331 పరుగులు జోడించింది అక్కడ. అజహరుద్దీన్ చదివిన ఆల్ సెయింట్స్ స్కూలు, లక్ష్మణ్ చదివిన లిటిల్ ఫ్లవర్ స్కూలు రెండూ మైదానానికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. పిల్లలు బడి అయ్యాక గోడ దూకి మ్యాచ్ చూసిన కాలం అది. 2005లో పెద్ద మ్యాచ్‌లు ఉప్పల్‌కు పోయాయి. క్రికెట్ మీద నాకు కోపం లేదు. కానీ ఈ నగరం దేశానికి ఇచ్చిన పెద్ద ఆట ఫుట్‌బాల్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీ గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఒక బడిపంతులు! భారత జట్టు ఆయన చేతికింద 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో ఆ ఫైనల్ నాటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది పోయారు.

నిర్వాహకురాలు: ఆయన పద్ధతిలో ప్రత్యేకత ఏమిటి?

మాజీ ఆటగాడు: నేను ఆయన్ని చూడలేదమ్మా, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ల దగ్గర నేర్చుకున్నాను. బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారట. మా ఉస్తాద్ మాకూ అదే చేయించారు. కుడికాలివాడు కుడికాలితో తంతే ఫౌల్. మొదటి వారం మైదానమంతా తడబాటే, బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. నెల తిరిగేసరికి ఎడమకాలు మాట వినడం మొదలుపెట్టింది. ఇంకోటి, ఒకే టచ్. బంతి కాలికి తగిలాక ఆలోచిస్తానంటే కుదరదు. అది వచ్చేలోపే ఎవరు ఎక్కడున్నారో చూసి ఉండాలి. మట్టి నేల, చాలామందికి బూట్లు లేవు. ఖర్చులేని చోట పుట్టిన తెలివి అది. 2024లో ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాక పిల్లలు వచ్చి "రహీం సాబ్ మన ఊరివాడా?" అని అడిగారు. సంతోషమూ వేసింది, బాధా వేసింది.

నిర్వాహకురాలు: మరి ఎందుకు తగ్గిపోయింది?

మాజీ ఆటగాడు: మంచి ఆటగాళ్లందరినీ కలకత్తా క్లబ్బులు తీసుకుపోయాయి. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, అందరూ హైదరాబాదీలే. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టింది మన హబీబే. అక్కడ డబ్బు, పేరు, ఈడెన్ నిండా జనం. ఇక్కడేమో ఒక్కో మైదానం పోతూ వచ్చింది. ఇప్పుడు గోషామహల్ సంగతి చూడండి. పోలీసు స్టేడియం స్థలంలో కొత్త ఉస్మానియా ఆస్పత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు.

అధ్యాపకుడు: ఆస్పత్రి అవసరమే కదా సాబ్? పాత భవనానికి వందేళ్లు. వానకు వార్డుల్లోకి నీళ్లొచ్చాయి.

మాజీ ఆటగాడు: ఎవరు కాదన్నారు? నా భార్యకు వైద్యం అందింది అక్కడే. ఆస్పత్రి కట్టండి. కానీ పొద్దున అక్కడ పరుగెత్తే పిల్లవాడు రేపు ఎక్కడికి పోవాలో అదే కాగితం మీద రాయండి. ఆస్పత్రికి ఎన్ని పడకలో రాస్తారు, పోయిన మైదానానికి బదులు ఎక్కడో రాయరు. నా పోరాటం అంతే.

నిర్వాహకురాలు: సార్, మీరు వారసత్వ బోర్డులు పెట్టాలని చాలాకాలంగా అడుగుతున్నారు.

అధ్యాపకుడు: అవును. గ్రంథాలయం దగ్గర, వివేకవర్ధిని దగ్గర, ఓరియెంట్ ఉన్న చోట, రహీం సాబ్ పాఠాలు చెప్పిన బడి దగ్గర. మూడు భాషల్లో పెట్టాలి. మెట్రో వచ్చేముందు సుల్తాన్ బజార్ దుకాణదారులు ఎంత ఆందోళన చేశారో చూశాం. 2020 ఫిబ్రవరిలో రైలు నడిచింది, బజారు దాని కింద ఉండిపోయింది. పైనుంచి వెళ్లేవాళ్లకు స్టేషన్ పేరు తప్ప ఏమీ కనిపించదు.

వ్యాపారి: బోర్డు పెడితే మంచిదే సార్. ఆ బోర్డు కింద మమ్మల్ని కూర్చోనిస్తరా? నాకు భయం అదే. "అందంగా చేస్తున్నం, మీరు జరగండి" అంటరు. జీపీవో దగ్గర ఒకసారి మమ్మల్ని లేపితే మూడు ఆదివారాలు గల్లీలో పెట్టుకున్నం, ఒక్కరు రాలేదు. పుస్తకం కొనేటోడు ఎతుక్కుంటూ రాడు సార్. నడుస్తూ నడుస్తూ ఆగుతడు.

అధ్యాపకుడు: మీకో మాట చెప్తాను. 2014 వీధి వ్యాపారుల చట్టం చదివారా? అందులో ఒక వాక్యం ఉంది. యాభై ఏళ్లకు పైగా వ్యాపారం సాగుతున్న సహజ బజారును, అంటే దానంతటదే ఏర్పడిన బజారును, వారసత్వ బజారుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను కదిలించకూడదు. చట్టమే మీకు బలం.

వ్యాపారి: నిజంగనా? అయితే మా నాన్న కాలం నుంచి ఉన్నదని ఎట్ల చూపెట్టాలె? మా దగ్గర రసీదులు ఉండవు కదా.

అధ్యాపకుడు: ఇందాక మీరే చెప్పారు. మొదటి పేజీలు! పేరు, తేదీ, "ఆబిడ్స్, ఆదివారం". కొన్నవాడు తన చేత్తో రాసుకున్న సాక్ష్యం. అలాంటివి వంద పోగైతే వీధి వ్యాపారుల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీ ముందు పెట్టొచ్చు.

వ్యాపారి: (నవ్వుతూ) ఇన్నేళ్లు ఆ పేజీలు ఉంటే రేటు తగ్గుతదని బాధపడ్డం.

నిర్వాహకురాలు: సమయం అయిపోవచ్చింది. చూస్తున్నవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లో, మీ నాన్నగారి అలమారాలో, మీరు ఏ దేశంలో ఉన్నా సరే, ఆబిడ్స్ అని రాసి పాత తేదీ వేసిన పుస్తకం ఉంటే ఆ పేజీ ఫొటో తీసి మాకు పంపండి. పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి.

మాజీ ఆటగాడు: టీమ్ ఫొటోలు కూడా అమ్మా. వెనక్కి తిప్పి చూడమనండి, పేర్లు వెనకే రాస్తారు.